ప్రస్థానం పెట్టిన సైకిలు

దుర్గాశ్రీకి ఈ ఉద్యోగం వచ్చి తీరుతుందని వీధి వీధంతా తెలుసు. వారం రోజులుగా ఆ మాట దుర్గాశ్రీయే అందరికీ చెబుతోంది మరి. పెనుగొండ దాటాక రోడ్డు పక్కనే ఉన్న ల్యాబులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే పని. బీఎస్సీలో తను చదివిందీ అదే. ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని, సైకిలు మీద వెళ్ళి రావచ్చు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

కావలసిందల్లా వేళకి చేరడం. అంతకు ముందు రెండు ఇంటర్వ్యూలు పోయింది తెలివి చాలక కాదు, వేళకి ఇల్లు కదలనివ్వక. ఒకసారి వర్జ్యం వెళ్ళేదాకా ఆగమంది మామ్మ పాపాయమ్మ. ఇంకోసారి, శుభంగా ఎదురు రావలసిన ఎదురింటి సూర్యకళ తలంటు అయ్యేదాకా పిల్లని గుమ్మంలో నిలబెట్టారు. సూర్యకళ తల ఆరేదాకా బస్సు ఆగుతుందా? రెండుసార్లూ ఆఫీసువాళ్ళు “లేటయిందమ్మా” అని మర్యాదగా పంపేశారు. అందుకే ఈసారి బస్సునీ నమ్మనంది, నాన్న బండినీ నమ్మనంది. బళ్ళో చదివేటప్పుడు గవర్నమెంటు ఇచ్చిన సైకిలుకి కొత్త టైర్లు వేయించి, చైనుకి నూనె పెట్టించి సిద్ధం చేసుకుంది.

తీరా చూస్తే ఇంటర్వ్యూ మంగళవారం పడింది. పైగా బయల్దేరే వేళకే వర్జ్యం. మామ్మ పంచాంగం నాలుగుసార్లు తిరగేసింది. చివరికి దారీ తనే చెప్పింది.

“ముందురోజే మంచి ఘడియ చూసి ప్రస్థానం పెట్టేద్దాం. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. ఇంక పొద్దున్న వర్జ్యం నిన్నేం చేస్తుందే?”

ప్రస్థానం పెట్టడమంటే, ప్రయాణంలో వెంట తీసుకెళ్ళే వస్తువేదైనా మంచి వేళలో గడప దాటించి ఇంకొకరింట్లో ఉంచడం. లోకంలో అందరూ ఏ బట్టల సంచో పెడతారు. మామ్మ ఏకంగా సైకిలునే పెట్టించింది. సోమవారం సాయంత్రం కోడలు జగదాంబ చేత హ్యాండిలుకి పసుపు రాయించి, బొట్టు పెట్టించి, మనవరాలి చేత సూర్యకళ అరుగు పక్కకి నడిపించింది. ఎవడైనా పట్టుకుపోతాడేమోనని వెనక చక్రానికి తాళం మాత్రం తనే వేసింది.

తెల్లవారి దుర్గాశ్రీ తయారై వెళ్ళి చూస్తే తాళం ఉంది, తాళంచెవి లేదు. అది మామ్మ బొడ్లో ఉంది. మామ్మ ఇంట్లో లేదు, చీకటితోనే ఆటో ఎక్కి పెనుగొండ అమ్మవారి గుడికి పోయింది. ఫోన్ చేస్తే, ఆ ఫోను మామ్మ మంచం మీదే మోగింది.

“చూశావా అమ్మా, నాకు ఉద్యోగం రావడం మామ్మకి ఇష్టం లేదు,” అంది దుర్గాశ్రీ. ఆ అనుమానం పాతదే. కిందటి రెండుసార్లూ తను బయల్దేరుతుంటే మామ్మ వెనకగదిలోకి పోయి తలుపేసుకుంది. ఒక్కసారైనా ముందుకొచ్చి వెళ్ళి రమ్మనలేదు.

“అవేం మాటలే! నాన్న పొలం నుంచి వచ్చేదాకా ఆగు, బండి మీద దింపుతారు,” అంది జగదాంబ.

“ఆగి ఆగి రెండు పోగొట్టుకున్నాను. ఇంక ఆగను.”

ఎదురు రావడానికి నీళ్ళబిందె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డ సూర్యకళ, బిందె కింద పెట్టి లోపలికెళ్ళింది. పచ్చడిబండతో తిరిగొచ్చింది.

“అయ్యో సూర్యకళా, మంచి పనికి వెళ్తుంటే తాళం పగలగొట్టడమేంటి?”

“మీరు కాసేపు కళ్ళు మూసుకోండి వదినగారూ. జరుగు దుర్గా.”

నాలుగు దెబ్బలకి తాళం ఊడి కింద పడింది. సూర్యకళ గబగబా బిందె ఎత్తుకుని ఎదురొచ్చింది. దుర్గాశ్రీ చున్నీ నడుముకి బిగించి, సర్టిఫికెట్ల సంచి బుజానికి తగిలించి, ఎక్కి తొక్కింది.

కాలవగట్టు మీద సైకిలు గాలిలా పోయింది. ఒకవైపు ఊడ్పులు, ఒకవైపు చెరువుల్లో తిరిగే ఏరేటరు చక్రాలు చిమ్మే నీళ్ళు. రాబోయే ప్రశ్నలకి పైకే జవాబులు చెప్పుకుంటూ, గడ్డిమోపుల ట్రాక్టరుని కూడా దాటేసింది. ఈ లెక్కన ల్యాబు తలుపులు తనే తెరవాలేమో అనుకుంది.

లాకుల దగ్గర మలుపు తిరిగేసరికి ఎదురుగా మామ్మ. తిరుగు ఆటో దొరకలేదు కాబోలు, ప్రసాదం సంచి పట్టుకుని నడిచొస్తోంది. దుర్గాశ్రీకి కోపం నషాళానికి అంటింది. తాళంచెవి సంగతి అక్కడే కడిగేద్దామని బెల్లు కొట్టింది. మామ్మ తలెత్తి చూసి, ఒక్క ఉదుటున గట్టు దిగి, తూము గోడ చాటుకి పోయి, మొహం మీదికి కొంగు లాక్కుని కాలవవైపు తిరిగి నిలబడింది.

“ఆగకు! నేను కనపడలేదు, నువ్వు చూళ్ళేదు. వెళ్ళిపోవే నా తల్లీ!”

దుర్గాశ్రీ బ్రేకు వేసింది. భర్త పోయిన ఆడది ఎదురైతే వెళ్ళే పని చెడుతుందని మామ్మ నమ్మకం. తాతయ్య పోయిన దగ్గర్నుంచీ ఎవరి ప్రయాణానికీ ముందుకి రాదు. వెనకగది తలుపేసుకున్నది అందుకు. చీకటితోనే ఇల్లు విడిచిపోయిందీ అందుకే. ఇష్టం లేకేమో అనుకున్నందుకు దుర్గాశ్రీకి సిగ్గేసింది. ఈ ముసలమ్మ ఇన్నాళ్ళూ ఇలా గోడల చాటున దాక్కుంటోందా అని గుండె కలుక్కుమంది.

ఒక్కతే తొక్కితే పది గంటల ఇంటర్వ్యూకి నిక్షేపంగా చేరుతుంది. ఆగితే మూడోది కూడా పోవచ్చు. సైకిలుకి స్టాండు వేసి గట్టు దిగింది.

“మామ్మా, ఇటు తిరుగు.”

“తిరగను.”

“నువ్వు తిరిగేదాకా నేను కదలను. లేటయితే నీదే పూచీ.”

ఆ మాటకి మామ్మ తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. దుర్గాశ్రీ మామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించింది.

“క్యారేజీ మీద కూర్చో. ఇంటర్వ్యూకి వెళ్దాం.”

“నేనెందుకే, నీకేమన్నా పిచ్చా?”

“ఎదురుంటేనే కదా దోషం? వెనకుంటే ఏ పంచాంగం వద్దంది?”

అలాంటి మాట ఏ పంచాంగంలోనూ మామ్మకి గుర్తు రాలేదు. ఎక్కి కూర్చుంది. మామ్మ బరువు మామ్మదే, ఎదురుగాలి ఒకటి. దుర్గాశ్రీ లేచి నిలబడి తొక్కింది. పెనుగొండ సెంటరు దాకా “మెల్లగా, మెల్లగా” అన్న మనిషి, దాటాక “తొక్కవే, ఇంకా గట్టిగా తొక్కు!” అని వీపు మీద చరచడం మొదలెట్టింది.

ల్యాబు గుమ్మంలో అటెండరు చంద్రరావు పేర్లు పిలుస్తున్నాడు. దుర్గాశ్రీ పేరు రెండోసారి పిలిచేసరికి లోపల అడుగు పెట్టింది.

ల్యాబు ఆయన, గణేష్‌బాబు గారు, అడిగినవన్నీ అడిగారు. ఆమె తడుముకోకుండా చెప్పింది. చివర్లో ఆయన కిటికీలోంచి సైకిలునీ, బెంచీ మీద ఆయాసపడుతున్న మామ్మనీ చూశారు.

“అంత దూరం నుంచి రోజూ వేళకి రాగలవా అమ్మా?”

“మా మామ్మని ఎక్కించుకుని ఎదురుగాలిలో వచ్చానండి. ఒక్కదాన్నే అయితే మీకన్నా ముందుంటాను.”

ఆయన నవ్వేశారు. రేపే చేరమన్నారు.

బయటికి రాగానే మామ్మ లేచి నిలబడింది. “ఏమయిందే?”

“వచ్చింది మామ్మా! రేపే చేరాలి.”

మామ్మ మనవరాలి తల నిమిరి, బుగ్గలు పుణికింది. తర్వాత అలవాటు కొద్దీ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. రేపు అమావాస్య. మడిచిన వేళ్ళు మళ్ళీ విప్పేసింది.

“సూర్యకళ అత్తని పెందలాడే తలంటుకోమని చెప్పాలి,” అంది దుర్గాశ్రీ సైకిలు తిప్పుతూ.

మామ్మ ప్రసాదం సంచి ఒళ్ళో పెట్టుకుని క్యారేజీ మీద సర్దుకు కూర్చుంది.

“పొద్దున్నే దాన్నెందుకు లేపడం, పాపం. ఎదురు నేనొస్తాలే.”