నాలుగు అంకెల విరామం

"నీ గొంతు నిదానంగా ఉంటుంది. ఆ పది వాక్యాలూ చదివేసి ఇంటికి పో, అమ్మ అన్నానికి ఎదురుచూస్తుంటుంది" అన్నారు మావారు, ఇరవై ఆరేళ్ళ కిందట, ప్రయోగశాల గుమ్మంలో నిలబడి. సంస్థకు అధిపతి ఆయన. అందులో ఇంజినీరును నేను.

ఇంటర్నెట్ మీద నడిచే ఫోను మనిషి గొంతును చిన్న ముక్కలుగా మడిచి పంపుతుంది. ఆ మడత పద్ధతినే మేము కోడెక్ అంటాం. ఈ చివరి మొబైలుది ఒక మడత, ఆ చివరి ఆఫీసు ఫోనుది మరొకటి. నడుమ నిలబడి, ఒకదాన్ని విప్పి రెండో తీరున మడిచి అందించే ప్రోగ్రామును నేను రాశాను. అత్తగారి మందులకూ పిల్ల హోంవర్కుకూ మధ్య, కుక్కరు కూతలు లెక్కపెడుతూ మూడేళ్ళు రాశాను. "బట్టలు మడతపెట్టడం చేతకాదు గానీ, మా కోడలు గొంతులు మడతపెడుతుందట!" అని అత్తగారు వచ్చినవాళ్ళను నవ్వించేవారు. అందరికంటే ముందు మావారే నవ్వేవారు.

ఆ ప్రోగ్రామును పరీక్షించడానికే ఆ పది వాక్యాలు. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో మదర్ నేర్పినట్లే చదివాను: వాక్యం ముగిశాక మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టనిదే తర్వాతిది ఎత్తుకోకూడదు. గుమ్మం దగ్గర మావారు, పేటెంటు కాగితాలు తెచ్చిన వకీలుతో గుసగుసలాడుతున్నారు. రికార్డింగు పూర్తయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నా వాక్యం, ఆపైన నాలుగు అంకెల విరామం, ఆ విరామంలో ఆయన గొంతు.

ఏమన్నారో చెబుతాను. ముందు నా తప్పు చెప్పుకోవాలి. నెట్‌వర్కు మీద బరువు తగ్గించడానికి నా ప్రోగ్రాములో ఒక నియమం పెట్టాను: సద్దు మరీ తక్కువగా ఉంటే దాన్ని నిశ్శబ్దంగా లెక్కగట్టి తీసివేయాలి, ఆ చోట సన్నని కృత్రిమపు హోరు నింపాలి. ఆయన గుసగుసలను ఆ హోరే కప్పేసింది. అలా హోరు నిండిన ప్రతితోనే ఇన్నేళ్ళూ ప్రతి కొత్త ఇంజినీరూ పరీక్షలు చేశాడు. అందరికీ నా గొంతు తెలుసు, పేరు తెలియదు. ఆయన మాటలు మాత్రం ఒక్కరికీ వినబడలేదు. నా చేతులతోనే ఆయన పరువు కాపాడాను. మూల ప్రతిని మాత్రం బీరువాలో భద్రంగా దాచాను.

ఈ నెలలో ఆయనకు సన్మానం. ఆ ప్రోగ్రాము సృష్టికర్తగానే. అదే సభలో, నా పాత రికార్డింగునే వినిపించి, గొంతును మరింత విశాలంగా మోసే కొత్త కోడెక్‌ను కూడా చూపాలి.

"నువ్వు మీట నొక్కితే చాలు. మాట్లాడేది నేను" అన్నారు, టై సరిచేయించుకుంటూ.

"నొక్కుతానండీ" అన్నాను.

క్షమించమని మదర్ నాకు నేర్పారు. అయితే క్షమకు ముందు నేరం ఒప్పుకోవడం ఉంటుందనీ ఆవిడే నేర్పారు. సభ రోజు ఉదయం నిశ్శబ్దపు నియమాన్ని తీసివేశాను. మూల ప్రతిని ఎక్కించాను.

సభ నిండింది. "ఇది మా ఇంటావిడ గొంతేనండీ. ఇంట్లో మాత్రం ఇంత మెత్తగా ఉండదు!" అన్నారాయన వేదిక మీద. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక, ఆయన పక్కనే బల్ల ముందు కూర్చున్న నేను మీట నొక్కాను.

"గది తలుపు మెల్లగా తెరుచుకుంది" అంది ముప్పై నాలుగేళ్ళ వయసు నాటి నా గొంతు. విరామం. అందులోంచి, పక్కనే నిలబడి పలికినట్లుగా: "కాగితం మీద నా పేరొక్కటే వెయ్యండి."

"పళ్ళెంలో నీళ్ళు వణికాయి." విరామం. వకీలు గొంతు: "రాసింది మేడం గారు కదండీ?"

"చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి." విరామం. మావారు: "ఆవిడకెందుకయ్యా పేరు? వండిన కూర మీద పేరు రాసుకుంటారా ఎవరైనా?"

ముందు వరుసలో, ఇప్పుడు తల నెరిసిన ఆ వకీలు తల దించుకున్నాడు. మావారు నా వైపు వంగారు. కాలరుకు మైకు ఉన్న సంగతి మరిచి, పళ్ళు కొరుకుతూ అన్నారు: "ఆపవే! ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఆ మాట కూడా హాలంతా వినబడింది.

ఆపడానికి మీట మళ్ళీ నొక్కకుండా, చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాను.

"ఇంకా ఏడు వాక్యాలున్నాయండీ" అన్నాను. "ప్రతి వాక్యం తర్వాతా నాలుగు అంకెలు ఆగాను."