పెన్సిలు బరువు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాస్తే ఒక పుస్తకమవుతుంది. అదీ పెన్సిలుతో రాశానంటే, మొన సరిగ్గా చెక్కలేదని ఆయనే మధ్యలో లాక్కుంటారు. ఇళ్ళ ప్లాన్లు గీయడం ఆయన వృత్తి. నేను రాసిన కూరగాయల చీటీ చూసి, "ఏమిటోయ్ ఇది, రాసేటప్పుడు భూకంపం గానీ వచ్చిందా?" అని అడిగే మనిషి.

మా పిచ్చుక, అంటే మా అమ్మాయి, పదకొండేళ్ళది, తిండీ నడకా రెండూ పిచ్చుకవే, పియానో నేర్చుకుంటోంది. ఈసారి దానికి సంగీతం థియరీ పరీక్ష. వాయించడం ఉండదు, ఐదు గీతల మీద స్వరాలు గీసి చూపించాలి. టీచరమ్మ ఒకటే ముక్క చెప్పింది. "మెత్తటి పెన్సిలు, మంచి రబ్బరు. అంతే."

గీయడం అన్న మాట చెవిన పడ్డాక మా ఆయన ఆగుతారా? "మెత్తటి పెన్సిలు పచారీ కొట్టువాడికి," అని తన డబ్బాలోంచి నాలుగు గట్టి పెన్సిళ్ళు తీసి సూదుల్లా చెక్కారు. నెల రోజులు సాయంత్రమైతే చాలు, దానికి ఒకటే పాఠం: "నొక్కకు తల్లీ. పెన్సిలు బరువే చాలు. గీత కాగితం మీద వాలాలి, దిగబడకూడదు."

పరీక్షనాడు పిల్లలు లోపల చల్లగా రాసుకున్నారు. వరండాలో ఉడికింది మేమే. ఒక తండ్రి వేళ్ళ కణుపుల మీద స్వరాలు లెక్కపెడుతున్నాడు. ఒకావిడ, "మీ అమ్మాయికి మైనరు స్కేళ్ళ స్వరాలన్నీ వచ్చేశాయా?" అని అడిగి, వచ్చాయనగానే మొహం మాడ్చుకుంది. మా ఆయన అదనపు పెన్సిలు జేబులో పెట్టుకుని, కాన్పు గది బయట నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. పాసుకు అరవై ఆరు కావాలి. వచ్చినవి ఇరవై ఎనిమిది. కింద, 'నాలుగు ప్రశ్నలకు జవాబులు లేవు' అని ఒక ముక్క.

"అన్నీ రాశాను నాన్నా."

"మరి కాగితం తినేసిందా? భయమేసి వదిలేశానని చెప్పు, ఏమీ అనను. అబద్ధం మాత్రం చెప్పకు."

"అబద్ధం కాదు!"

"ముందు నిజం చెప్పడం నేర్చుకో, పియానో తర్వాత నేర్చుకుందువుగాని. వచ్చే నెల నుంచి క్లాసులు లేవు." పియానో మూత దించేసి, దాని మీద తన ప్లాన్ల చుట్టలు పేర్చేశారు.

అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత ఒళ్ళు మండేది కాదు. పాలు ఒలకబోసినా తనే వచ్చి చెప్పే పిల్ల!

"పెన్సిళ్ళ మీద ఉన్న నమ్మకం కన్నకూతురి మీద లేదన్నమాట," అన్నాను. "రేపు సెలవు పెట్టండి. ముగ్గురం పరీక్షల ఆఫీసుకు వెళ్తున్నాం."

అక్కడ అద్దం వెనక గుమాస్తా తెర మీద జవాబు పత్రం చూపించాడు. అచ్చువేసిన ఐదు గీతలు, వాటి మీద శూన్యం. "చూశారుగా అమ్మా, ఖాళీ."

మా ఆయన నా వైపు చూసిన చూపుకి ఫ్రేము కట్టించవచ్చు.

"ఇది ఫొటో. కాగితమేదీ?" అన్నాను గుమాస్తాతో.

"స్కాన్ చేసిందే దిద్దుతారమ్మా. కాగితాలు ఎవరూ చూడరు."

"చూడరా? పిల్ల రెండు గంటలు కూర్చుని రాస్తే, ఒక్క మనిషీ కాగితం మొహం చూడకుండా రాయలేదని తేల్చేశారా? దాన్ని ఇంట్లో అబద్ధాలకోరును చేశారు కదయ్యా!"

నా గొంతుకు వెనక క్యూ ముందుకు జరిగింది. గుమాస్తా లోపలికి జరిగి, కట్ట విప్పి కాగితం తెచ్చాడు.

కిటికీ దగ్గర కాస్త వంచి పట్టుకున్నాను. వెలుతురు పక్కనుంచి పడగానే చీమల బారుల్లా స్వరాలన్నీ లేచాయి. సన్నగా, తీరుగా, ఒక్కటీ గీత తప్పకుండా. టిక్కు పెట్టే ప్రశ్నల దగ్గర మాత్రం అది అందరు పిల్లల్లాగే నొక్కింది. ఆ ఇరవై ఎనిమిదీ వాటివే. కంటికే అంతంతమాత్రంగా ఆనే ఆ గట్టి పెన్సిలు గీతలు స్కాను యంత్రానికేం ఆనుతాయి?

గుమాస్తా నాలిక కరుచుకుని, మళ్ళీ దిద్దించే ఫారం తీశాడు. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ గీతల తీరు ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"నువ్వే నొక్కొద్దన్నావుగా నాన్నా," అంది పిచ్చుక.

ఆయన ఏదో అన్నారు. పెన్సిలు బరువుతోనే అన్నారు, ఎవరికీ వినపడలేదు.

"కాస్త నొక్కి చెప్పండి," అన్నాను. "క్లాసులు లేవన్నప్పుడు వీధి చివరిదాకా వినపడిందిగా."

క్యూ మొత్తం చెవులు రిక్కించింది. ఆయన పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"తప్పు నాదే తల్లీ. టీచరమ్మ మాట కాదన్నదీ నేనే, నిజం చెప్పిన నిన్ను నమ్మనిదీ నేనే. తప్పు నాదే."