లోపలికి తిరిగిన కొమ్ములు

వాగుకి దగ్గరి దారి జూరకన్ పెరట్లోంచే ఉంది. అయినా ఆవిడ రోజూ పొద్దున్నే బకెట్లు పట్టుకుని చుట్టుదారినే వెళ్ళేది. పెరటి దారి ఎక్కాలంటే మోకాళ్ళు నొప్పెడుతున్నాయని చెప్పేది. అసలు సంగతి, చుట్టుదారిలో తోతుయా ఇల్లుంది. ఆ ఇంటి మట్టిగోడ మీద షిర్దాక్ తివాచీలు ఆరేసి ఉంటాయి. వాటిని చూసి కాసేపు కడుపు మండించుకుంటే గానీ జూరకన్‌కి ఇంటికొచ్చాక పాల టీ రుచించేది కాదు.

నారిన్ నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ షిర్దాక్‌లు చేసేవాళ్ళే. నొక్కి గట్టిపరచిన ఎర్ర ఉన్ని మీద నీలం ఉన్ని పరిచి, రెండూ కలిపి ఒకే కత్తితో పొట్టేలు కొమ్ముల ముగ్గు కోస్తారు. ఎర్ర కొమ్ములు నీలంలో ఇముడుతాయి, నీలం కొమ్ములు ఎరుపులో ఇముడుతాయి. అందుకే ఎప్పుడు కోసినా తివాచీలు రెండు వస్తాయి. ఒకటి కోసినామెకి, రెండోది అవతలి అంచు కదలకుండా పట్టుకున్నామెకి. కుట్టాక ఆ కొమ్ములు పెరుగుతాయి, కొత్త మెలికలు తిరుగుతాయి. ఒక ఏడు బాగా పెరుగుతాయి, ఒక ఏడు పెరగవు. గొర్రెల గురించి చెప్పుకున్నట్టే వాటి గురించీ చెప్పుకునేవాళ్ళు.

తోతుయావి మాత్రం ఏటా పెరిగేవి. ఆమె కనుమ అవతల నుంచి కోడలుగా వచ్చింది. వచ్చిన కొత్తలో కత్తి పట్టడం నేర్పింది జూరకనే. ఇప్పుడు పక్క లోయలవాళ్ళు కూడా గుర్రాలు దిగి తోతుయా గోడ ముందు నిలబడుతున్నారు. నేర్పింది నేనైతే పేరు దానికా అని జూరకన్ లోలోపల ఉడికిపోయేది.

ఆ వేసవి చివర జూరకన్ తండ్రి సంవత్సరీకం వచ్చింది. నాలుగూళ్ళ పెద్దలు విందుకి వస్తారు. గుడారంలో ద్వారానికి ఎదురుగా ఉండే పెద్దల చోట తన చేతి తివాచీ పరవాలని, అలాంటిది ఎవరి కంటా పడి ఉండకూడదని ఆవిడ పట్టుదల. ఉన్ని కోసేటప్పుడు ఎవర్నీ పిలవలేదు. అవతలి అంచు మీద ఏటిరాయి పెట్టుకుంది. ఎరుపుదీ నీలందీ రెండూ తనే కుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. తోతుయా కంట పడితే వారం తిరక్కుండా అదే ముగ్గు ఆ గోడెక్కుతుందని ఆవిడ భయం.

విందు దగ్గరపడ్డాక తాళం తీసి చూస్తే కొమ్ములన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. తండ్రి గొర్రెల కాపరి. కొమ్ము కంటివైపు తిరిగిన పొట్టేలుని పట్టుకుని కొస రంపంతో కోసేసేవాడు. జూరకన్ కూడా కత్తెర తీసుకుని కొసలన్నీ కత్తిరించింది. మర్నాటికి అవి ఇంకా బిగిశాయి. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత తివాచీలు, రెండూ ముడుచుకుపోయి పీటంతేసి అయ్యాయి.

తమ్ముడు ముకాన్ వచ్చి చూశాడు.

"దీని మీద ఎవర్ని కూచోబెడదామక్కా, పిల్లినా?" అన్నాడు. జూరకన్ నవ్వలేదని గొంతు తగ్గించాడు. "పోనీ, తోతుయాని అడిగి ఒకటి తీసుకొస్తాను."

"నాన్న విందులో దాని తివాచీనా? అది పరిస్తే నేనక్కడ కాలు పెట్టను."

అంత మాటా అనేసింది గానీ, పెద్దల చోటు ఖాళీగా ఉంచడం ఎలా? తండ్రి పరువు పోతుంది. రెండు తివాచీలూ శాలువాలో మూటకట్టుకుని ఆవిడ ఆ చుట్టుదారినే బయల్దేరింది. కాళ్ళు ముందుకి పడుతున్నాయి, మొహం మాత్రం మాడిపోయి ఉంది.

తోతుయా టీ పోసి, రొట్టె తుంచి ముందు పెట్టి, మూట విప్పింది. నవ్వుతుందని జూరకన్ కాచుకుని ఉంది. ఆమె నవ్వలేదు.

"వీటిని ఎవరికైనా చూపించావా అక్కా?"

"ఎందుకు, దిష్టి పెట్టించుకోవడానికా?"

"మరి నావి ఎలా పెరుగుతున్నాయనుకున్నావు? పొద్దున్నే బకెట్లు దింపి మా గోడ దగ్గర నిలబడతావు కదా, కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. నువ్వు పళ్ళు కొరుక్కుంటూ చూసినచోటల్లా సాయంత్రానికి కొత్త మెలిక వచ్చేది. నీకు జ్వరమొచ్చి రానప్పుడు ఒక్క కొమ్ము కదిలితే ఒట్టు."

జూరకన్‌కి ఒళ్ళంతా మండిపోయింది. ఇన్నేళ్ళూ తన కడుపుమంట మీద దీని కుండ ఉడికిందన్నమాట. గిన్నె కింద పెట్టేసింది.

"అయితే చూడు. నువ్వూ కుళ్ళుకుంటూ చూడు."

"పనిగట్టుకుని కుళ్ళుకోవాలా? నువ్వు పెట్టెకి తాళం వేశావని తెలిసిన దగ్గర్నుంచీ లోపల ఏం ఉందోనని నాకు రొట్టె సహిస్తే కదా."

తోతుయా ముడుచుకుపోయిన ఎర్ర తివాచీ మీదికి వంగింది. మూల దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి, పెదవి బిగిసింది.

"ఈ మెలిక నాకెందుకు తట్టలేదు?" అంది. ఆ మాటలో నిజంగానే విషం ఉంది.

కొమ్ము సడలింది. దాని పక్కది, ఆ పక్కది వరసగా విచ్చుకున్నాయి. తివాచీ టీ గిన్నెల్ని నెట్టుకుంటూ గోడ దాకా పరుచుకుంది. ఆ నెగ్గిన సంతోషంలో జూరకన్ మెత్తబడబోతుండగా, తోతుయా వేలు నీలం తివాచీ మీద పడింది. "ఇక్కడ కొస మూసెయ్యకుండా వదిలేస్తే, పక్క కొమ్ము దీంట్లోంచి మొలుస్తుంది," అంది.

నిజమే. తనకి కత్తి పట్టడం నేర్పిన అమ్మకీ తట్టలేదు, తనకీ తట్టలేదు. జూరకన్ ఆ చోటుని కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసింది. ఆ చూపుకి నీలం కొమ్ములు కూడా విచ్చుకున్నాయి.

వెళ్ళేటప్పుడు ఎర్రదాన్నే భుజాన వేసుకుంది.

"నీలంది ఉంచుకో," అంది గుమ్మం వైపు తిరిగి. "అవతలి అంచు పట్టుకోవాల్సింది నువ్వు. రాయిని పెట్టుకున్నాను."

విందునాడు ఎర్ర తివాచీ పెద్దల చోట పరిచారు. జూరకన్ కళ్ళెదుటే పెద్దలు దాని మీద కూర్చుని ఆమె తండ్రిని తలుచుకున్నారు. పక్కనే, తోతుయా కొసలు విప్పి మళ్ళీ కుట్టి తెచ్చిన నీలం తివాచీ. ఒక కొమ్ములోంచి ఇంకో కొమ్ము మొలిచే ఆ ముగ్గు ఏ లోయలోనూ ఎవరూ చూసి ఎరగరు. వచ్చినవాళ్ళు దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు.

మాంసం పళ్ళెం పట్టుకుని వెళ్తున్న జూరకన్ అటు చూడకూడదనుకుంది. చూసింది. పళ్ళెం చేతిలో ఉండగానే అక్కడే నిలబడిపోయింది. నీలం కొమ్ము ఒకటి నెమ్మదిగా మరో మెలిక తిరిగింది.

వెనక నుంచి తోతుయా ఆమె మోచేయి పట్టుకుంది.

"కాస్త జరుగక్కా, నీది నాకు కనబడ్డంలేదు."

జూరకన్ పక్కకి జరిగింది.