సైరన్ కింద నిలబడ్డం

నాతోని పనిచేసే ఓదెలు నాలుగు వేళ్లు ప్రెస్సు కింద తెగి రేకు మీదనే ఉండిపోయినయి. ఆయన్ని లారీల ఏసుకొని పోయిన్రు. కిరసనాయిలు గుడ్డతోని ప్రెస్సు తుడిపిచ్చి, సూపర్‌వైజర్ నా దిక్కు తిరిగిండు. "ఎల్లయ్యా, కూర్చో. ఆర్డర్ ఆగద్దు" అన్నడు. నేను కూర్చున్న. ఆ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

పటాన్‌చెరు రోడ్డు మీద రేకు డబ్బాల ఫ్యాక్టరీ మాది. ప్రెస్సు కిందికి చెయ్యి పోకుండ ముంగట ఒక ఇనుప జాలీ ఉండేది. జాలీ ఉంటే డబ్బాలు తక్కువ పడ్తున్నయని మేనేజర్ దాన్ని పీకిచ్చిండు. చెయ్యి పోయినంక, "ఓదెలు మా మనిషే కాదు, కంట్రాక్టర్ మనిషి" అన్నడు. మేం పని బంద్ పెట్టినం. అడిగింది రెండే: జాలీ పెట్టు, ఓదెలును వాపసు తీసుకో.

అప్పుడు లోకమంత మా దిక్కే ఉండె. పక్క ఊరు కర్దనూర్ రైతులు జొన్నలు తెచ్చి ఇచ్చిన్రు. గేటు ముంగట చాయ్ హోటల్ నడిపే వీర్రాజు గోదావరి దిక్కుకెల్లి వచ్చినోడు. రెండేండ్ల కింద తెలంగాణ గొడవలప్పుడు మా మొఖం చూడనోడు, ఇప్పుడు పిలిచి చాయ్ పోసిండు. "ఎవడిదైనా చెయ్యి చెయ్యేనయ్యా" అన్నడు.

డెబ్బై ఒకటి, డిసెంబర్ మూడు. రేడియోల పాకిస్తాన్‌తోని యుద్ధం అన్నరు. తెల్లారి మేం పోతే వీర్రాజు గ్లాసులు బోర్లించి కూర్చున్నడు. "మా తమ్ముడు బోర్డర్లో ఉన్నాడు. మీరిక్కడ సమ్మెలు చేస్తారా? సిగ్గు లేదటయ్యా?" అన్నడు. జొన్నలిచ్చిన రైతులే మమ్ములను జూసి దేశద్రోహులన్నరు. ఒక్క రాత్రిల ఇంత మారిపోతరా మనుషులు?

అబద్ధమెందుకు, నేను గూడ జై కొట్టిన. మా అంతట మేమే బంద్ తీసేసినం. మిలిటరీ డబ్బాలంటే దినాం రెండు గంటలు ఎక్కువ చేసినం. బాంబులు పడితే దాక్కోనీకి గేటు ముంగట కందకం తవ్వింది గూడ మేమే. జాలీ సంగతి లడాయి అయినంక చూద్దామన్నడు మేనేజర్. నమ్మినం. దేశం పేరు చెప్తే పేదోడు చెమట ఇస్తడు, పాణం ఇస్తడు. దొర మాత్రం ఆర్డర్ తీసుకుంటడు.

మళ్ల పనిల దిగిన నాలుగో దినం ప్రెస్సు నా అంగీని అందుకున్నది. చెయ్యి గుంజుకున్న గని చిటికెన వేలు గోరు పోయింది. అది ఆర్డర్ డబ్బా కాదు, నా చెయ్యి. ఇగ ఆగేది లేదని మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు గేటు ముంగట కూడినం. కట్టు చెయ్యితోని ఓదెలు నిలబడ్డడు. ఆయన నోరు తెరిచిండో లేదో, గేటు మిద్దె మీద వాచ్‌మన్ సత్తయ్య, విమానాలొస్తే మోగిచ్చే సైరన్ పిడి తిప్పుడు మొదలువెట్టిండు. అందరం కందకంల దుంకినం. హోటల్ల ఉన్నోళ్లు గూడ దుంకిన్రు. సైరన్ ఆగేసరికి షిఫ్టు గంట కొట్టిన్రు.

మేం కూడిన రెండో దినం గూడ అంతే. మూడో దినం, రేకులు మోసే నర్సింహమ్మ కందకంలకెల్లి తల ఎత్తింది.

"ఎల్లయ్యా, గటు సూడు."

మేనేజర్ బంగ్లా మీద ఆయన భార్య గుమ్మడికాయ వడియాలు పెడ్తున్నది. నిమ్మళంగ, వరుస తప్పకుంట పెడ్తున్నది.

"బాంబులు మన మీదనే పడ్తయా? ఆమెను ఇడిసిపెడ్తయా?"

వీర్రాజుకు చెప్తే తిట్టిండు. "మీకు అన్నిట్లో కుట్రే కనిపిస్తుంది" అన్నడు. నర్సింహమ్మ ఊకుంటదా? నాలుగో దినం ఆయన పక్కకే దుంకి, గదువ పట్టి మొఖం పైకి లేపింది. "సూడు తమ్మీ, మంచిగ సూడు" అన్నది.

చూసిండు. సైరన్ మొత్తుకుంటనే ఉన్నది, మేనేజర్ భార్య గిన్నెల పిండి కలుపుతనే ఉన్నది. వీర్రాజు మట్టి దులుపుకొని లేచిండు. "మావాడు నిజం బాంబుల కింద ఉన్నాడక్కా. వాడి పేరు చెప్పి నన్ను గోతిలో పడుకోబెట్టాడా ఈ మేనేజరు" అన్నడు.  ఆ పొద్దు హోటల్‌కు వచ్చిన ప్రతి మనిషికి ఆ వడియాల ముచ్చటే చెప్పిండు.

తెల్లారి గేటు కాడికి బజారంత వచ్చింది. కర్దనూర్ రైతులు గూడ వచ్చిన్రు. ఓదెలు లేవంగనే సైరన్ మోగింది. ఎవ్వరు కదల్లే. నేను ఆకాశం దిక్కే చూస్తున్న, నిజం చెప్తున్న. ఒకవేళ విమానం వస్తే? నర్సింహమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఓదెలు మాట ఇనవడ్తలేదు. ఆయన మాట ఆపి, కట్టు ఇప్పి, చెయ్యి పైకెత్తిండు.

మిద్దె మీద సత్తయ్య ఆ చెయ్యిని జూసి పిడి ఇడిసిపెట్టిండు.

"తిప్పు!" అన్నడు పక్కనున్న మేనేజర్.

"నా చేతులు నొస్తున్నయి సారూ. మీరే తిప్పుండ్రి."

మేనేజరే తిప్పిండు. టై భుజం మీదికి పోయింది. జెరసేపటికి సైరన్ మూలిగి మూలిగి ఆగింది. అప్పుడు ఓదెలు గొంతు అందరికి ఇనవడ్డది.

"జాలీ పెట్టేదాక ఆ ప్రెస్సు మీద ఎవ్వలు కూర్చోవద్దు."

పోలీసు వ్యాన్ వచ్చింది. దేశ రక్షణ చట్టమని ఓదెలును, నర్సింహమ్మను, సత్తయ్యను ఎక్కించుకున్నరు. శత్రువుకు సాయం చేసిన్రట. చాయ్ గ్లాసు పట్టుకోరాని చెయ్యి ఏం సాయం చేస్తది? వీర్రాజు వ్యాన్‌కు అడ్డం పోతే లాఠీతోని కొట్టి పక్కకు నూకిన్రు. నెత్తురు కారుకుంటనే వ్యాన్‌ల ఉన్న ముగ్గురికి చాయ్ అందిచ్చిండు.

షిఫ్టు గంట కొట్టిన్రు. మేం లోపలికి పోయినం. సూపర్‌వైజర్ నా దిక్కు తిరిగిండు.

"ఎల్లయ్యా, కూర్చో."

నేను నిలబడ్డ. ఎనకకు తిరిగి చూసిన. మూడు వందల మంది, ఒక్కలు కూర్చోలే.