అరచేతి మచ్చలు

హోటల్ దుప్పట్లు ఉతికేవాళ్లకు అరచేతులు పాడవడం కొత్తేం కాదు. పొద్దస్తమానం బ్లీచింగ్ నీళ్లలో నానితే ఎవరి చర్మమైనా ఊడొస్తుంది. అందుకే కడుపుతో ఉన్న ఆరో నెలలో నా అరచేతుల నిండా ఎర్రటి మచ్చలు లేచినప్పుడు బ్లీచింగ్‌నే తిట్టుకున్నాను. దురద లేదు, మంట లేదు. లాండ్రీలో అందరికంటే పెద్దావిడను మేమంతా అక్క అంటాం. ఆమె నా చేతులు చూసి నొచ్చుకుంది.

"కడుపుతో ఉన్నదానివి, ఇంక నీళ్లలో చేయి పెట్టకే. మడతలు పెట్టు చాలు."

అంతకుముందు తొడ మొదట్లో ఒక పుండు లేచి, నొప్పి లేకుండానే మానిపోయింది. అది హోటల్ దుప్పట్ల పుణ్యమే అనుకున్నాను. వాటి మీద ఎవరెవరు దొర్లుతారో ఉతికే మాకు తెలియనిదా? అదేదో మా ఆయనకు అంటుకుంటుందని ఆయన బట్టలు వేరుగా ఉడకబెట్టాను, పక్క కూడా వేరుగా వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెలవారీ చూపించుకోవడానికి వెళ్తే, మందులు రాస్తున్న డాక్టరమ్మ నా అరచేతులు చూసి ఆగిపోయింది. రక్తం తీయించి, మళ్లీ వచ్చేటప్పుడు ఆయన్ని వెంటబెట్టుకు రమ్మంది. ఆయన దూరపు బస్సుల డ్రైవరు. సెలవు దొరకదని సణుగుతూనే వచ్చాడు.

"సిఫిలిస్," అంది డాక్టరమ్మ. "మూడో నెల పరీక్షలో లేదు. అంటే ఆ తర్వాతే సోకింది. బ్లీచింగ్ వల్లా కాదు, దుప్పట్ల వల్లా కాదు. మనిషి నుంచి మనిషికి వస్తుంది."

"నేను అలాంటివాణ్ణి కాదండీ. పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు, ఎవరితోనూ ఏమీ జరగలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఏమీ అంటే ఏంటో చెప్పండి. కలవడం ఒక్కటే కాదు. ముద్దులు, నోటితో, బట్టల్లేకుండా ఒళ్లూ ఒళ్లూ రాసుకోవడం... ఇవేమైనా?"

ఆయన తల దించుకున్నాడు.

"అంతవరకు పోలేదండీ. అంతా పైపైనే. ఈవిడ కడుపుతో ఉంది కదా అని... ఆ హద్దు మాత్రం దాటలేదు."

"పుండు చర్మానికి తగిలితే చాలు. హద్దుల సంగతి రోగానికేం తెలుసు? మీకు పుండు లేవలేదా?"

"ఒకటి లేచిందండీ. ఇంజను పక్కన కూర్చుంటాం కదా, వేడి చేసిందనుకున్నా."

ఇద్దరికీ సూది వేశారు. మాకు నయమవుతుందట. స్కానింగులో బిడ్డ కాలేయం వాచి కనిపించింది. "మందు బిడ్డకూ చేరుతుంది," అంది డాక్టరమ్మ. "ఆ పుండు లేచినప్పుడే వచ్చుంటే ధైర్యంగా చెప్పేదాన్ని. ఇప్పుడు మాటివ్వలేను."

ఇంటికొచ్చాక ఆయన నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నీ దగ్గర దాచలేదే. నిజంగానే ఏమీ జరగలేదనుకున్నా. తప్పు చేశానని అనిపించి ఉంటే నీకు చెప్పేవాణ్ణి, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ణి."

ఆయన చెప్పింది నిజమే. దానికే నా ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడి ఉంటే నోటికొచ్చినట్టు తిట్టి, గుండె బరువు దించుకునేదాన్ని. తన లెక్కలో తాను మంచివాడిగా ఉండిపోయి, ఆ మంచితనాన్నే నా కడుపులోకి పంపాడు. ఆ క్షణం ఆయన్ని అసహ్యించుకున్నాను. దుప్పట్లను తిట్టుకుంటూ నెలలు గడిపేసిన నన్నూ అసహ్యించుకున్నాను.

"కదులుతోందా?" అంటూ భయంభయంగా చేయి చాపాడు.

లోపల సన్నగా ఒక తన్ను తగిలింది. పొద్దుటి నుంచి అదే మొదటిది.

"తెలీదు," అని ఆ చేతిని పక్కకు నెట్టేశాను.