పెట్రోలు ధర పెరిగిన మాఘమాసం

పందొమ్మిదివందల డెబ్బైనాలుగు, మాఘమాసం. కొత్తపేట టాక్సీ స్టాండులో తెల్లవారితే చాలు, ఎవరో ఒకరు ఇంకొకరిని దొంగ అనేవారు. పక్కవాళ్ళు అదేమీ వింత కాదన్నట్టు టీ తాగుతూనే ఉండేవారు. ఎక్కడో అరబ్బుల దేశాల్లో యుద్ధం జరిగింది. నూనె బావులున్నవాళ్ళు ధర అమాంతం పెంచేశారు. ఆ సెగ సముద్రాలు దాటి వచ్చి మన కొబ్బరితోటల మధ్య పడింది. పడితే పడింది, అందరికీ వచ్చిన కష్టమే కదా అని ఊరుకున్నవాడు ఒక్కడూ లేడు. బంకువాణ్ణి డ్రైవరు తిట్టాడు, డ్రైవరుని ప్రయాణికుడు తిట్టాడు. ధర పెంచినవాడికి మాత్రం ఆ తిట్లలో ఒక్కటీ వినబడలేదు.

సాలమోను అందరిలాంటివాడే. చదువరులు అతన్ని మరీ మంచివాడనుకోనక్కర్లేదు, చెడ్డవాడూ కాడు. పదేళ్ళు ఒకరి దగ్గర జీతానికి బండి నడిపి, చివరికి ఒక పాత అంబాసిడరు సొంతం చేసుకున్నాడు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చాక ఆ కారుని పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి కడిగేవాడు. ధర పెరిగిన దగ్గర్నుంచి పెట్రోలు బంకులో పంపు తిప్పే వీరవెంకటరమణ మొహం చూస్తేనే అతనికి చిర్రెత్తుకొచ్చేది.

"కొలత తగ్గించేసేవు కదూ? నిజం చెప్పు!" అని ఒక పొద్దున నలుగురిలో నిలదీశాడు.

"నేనెందుకు తగ్గిస్తానండీ? బోర్డు మీద వాళ్ళు వెయ్యమన్న అంకె వేస్తానండి, వాళ్ళిచ్చిన పంపు తిప్పుతానండి. ఆయ్, అంతేనండి నా పని," అన్నాడు రమణ తల వంచుకుని.

సాలమోను నమ్మలేదు. విసురుగా కారెక్కి స్టాండుకి వచ్చేసరికి, హైస్కూల్లో తెలుగు చెప్పే కామేశ్వరరావు మేష్టారు అతనికోసం కాచుకుని ఉన్నారు. ఆయన కూతురు సుభద్ర తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. అమలాపురం దగ్గర మిషను ఆసుపత్రిలో పురుడు పోయించాలని ఆయన ఉద్దేశం. నొప్పులు మొదలవగానే కబురంపితే టాక్సీ రావాలి.

కిరాయి మాట వచ్చేసరికి మేష్టారి గొంతు మారింది.

"ఇదెక్కడి దోపిడీ అయ్యా? యుద్ధం అక్కడెక్కడో జరిగితే నా కూతురి పురిటికి నువ్వు పన్ను వేస్తావా?"

"పెట్రోలు మా ఇంట్లో కాయదు కదండీ మేష్టారండీ!"

"అందరూ ఇదే పాట. పాత కిరాయికి వస్తే రా. లేదా ఇంకో బండి చూసుకుంటాను."

గంటసేపు బేరం నడిచింది. మేష్టారు పట్టు విడవలేదు. సాలమోను ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నాడే కాని కడుపు మండిపోయింది. పాత కిరాయికి పాత లెక్కే, ఆ ప్రయాణానికి చాలినంత పెట్రోలు తప్ప చుక్క ఎక్కువ పోయించేది లేదని పళ్ళు కొరుక్కున్నాడు.

ఆ కారులో పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఆ చుట్టుపక్కల పాత బళ్ళన్నిటిదీ అదే వరస. అందుకని డ్రైవర్లందరూ ఒక కొబ్బరి ఈనె బండిలో ఉంచుకునేవారు. దాన్ని ట్యాంకులోకి దించి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి, ఎంత దూరం పోవచ్చో చెప్పేవారు. ఏళ్ళ తరబడి ఈ లెక్క తప్పలేదు కాబట్టి, ఇందులో తప్పు జరగవచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

నాలుగు రోజుల తరవాత, మధ్యాహ్నం భోజనాల వేళ కబురు వచ్చింది. సాలమోను ఇల్లు కాలవగట్టు వాలులో ఉంది. కారు ఆ వాలు మీదే, ఒక పక్కకి ఒరిగి ఆగి ఉంది. అతను ఈనె దించి తీశాడు. తడి ఎప్పుడూ గోటితో గీసుకునే గుర్తు దాకా వచ్చింది.

"ఏమండీ, బంకుకెళ్ళి కాస్త పోయించుకు వెళ్ళకూడదాండీ? పురిటి ప్రయాణం కదా," అంది భార్య ఎలీసమ్మ.

"చాలే! అమలాపురం వెళ్ళడానికి ఇది బోలెడు. ఆ మేష్టారిచ్చే కిరాయికి ఇదే ఎక్కువ," అన్నాడు సాలమోను.

వెనక సీట్లో తల్లి రుక్మిణమ్మ ఒళ్ళో తల పెట్టుకుని సుభద్ర పడుకుంది. ముందు సీట్లో మేష్టారు. పొలాలు, అరటితోటలు, పక్కనే కాలవ. చాలా దూరం వెళ్ళారు. ఆసుపత్రి ఇంకా మైలు పైచిలుకు ఉందనగా కారు రెండుసార్లు దగ్గి, జెర్కు ఇచ్చి, ఆగిపోయింది.

సాలమోను దిగి ఈనె దించాడు. పొడిగా పైకి వచ్చింది. అప్పుడు తెలిసింది. గట్టు వాలున కారు ఒరిగి ఉంటే, ఉన్న కాస్త పెట్రోలూ ట్యాంకులో ఒక మూలకి చేరింది. ఈనె దిగింది ఆ మూలకే.

"అమ్మా!" అని సుభద్ర కేక వేసింది. "నాయనా, త్వరగా కానివ్వు, పిల్ల నొప్పులకి తట్టుకోలేకపోతోంది," అంది రుక్మిణమ్మ. ఆ దారిన బస్సు రావాలంటే సాయంత్రమే. ధరలు పెరిగాక లారీలూ పలచబడ్డాయి. ఈ ఆడపిల్లకేమైనా అయితే ఆ పాపం నాదే ప్రభువా అని సాలమోను మనసులో మొరపెట్టుకున్నాడు.

"మేష్టారండీ, తప్పు నాదేనండి. మీ మీద కోపంతో పెట్రోలు పోయించలేదండి. వాలు మీద ఈనె ముంచి చూసుకున్నానండి," అన్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి.

మేష్టారు అతన్ని తిట్టడానికే నోరు తెరిచారు. కాని గంటసేపు తాను ఆడిన బేరం ఆయనకి గుర్తొచ్చింది.

ఇంతలో కాలవలో కొబ్బరికాయల పడవ ఒకటి దిగువనుంచి వస్తూ కనబడింది. గట్టు మీద నలుగురు మనుషులు భుజాన తాడు వేసుకుని దాన్ని లాక్కుంటూ నడుస్తున్నారు. డ్రైవర్లకి వాళ్ళంటే లోకువ. దారికి అడ్డమని హారన్లు మోగించి, తిట్టి పక్కకి తోలేవారు. సాలమోను కూడా ఆ పని ఎన్నోసార్లు చేశాడు. ఇప్పుడు వాళ్ళకి ఎదురు పరిగెత్తి, ముందున్న పెద్దమనిషికి చేతులు జోడించాడు. ఆయన పేరు రాఘవులు.

రాఘవులు కారులోకి తొంగి చూశాడు. ఒక్క మాట అడగలేదు. వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఒరేయ్, పడవ కట్టెయ్యండ్రా! తాడిలా పట్రండి!"

పడవని గట్టున తాటిమొద్దుకి కట్టేశారు. ఆ తాడే తెచ్చి కారు ముందు బంపరుకి బిగించారు. నలుగురూ భుజాలకెత్తుకున్నారు. సాలమోను ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని పక్కనే నడుస్తూ తోశాడు. "హైలెస్సా!" అన్న కేకతో కారు కదిలింది.

పది బారలు వెళ్ళేసరికి అయిదో మనిషి తాడు పట్టుకోవడం సాలమోను చూశాడు. ఉత్తరీయం మడిచి భుజాన మెత్తగా వేసుకుని, పంచె ఎగ్గట్టి, కామేశ్వరరావు మేష్టారు లాగుతున్నారు. జీవితంలో ఎప్పుడూ సుద్దముక్క కన్నా బరువైనది ఎత్తని మనిషి, "హైలెస్సా" అని వాళ్ళతో గొంతు కలిపారు.

"మీ షావుకారు ఆలస్యమైందని కోప్పడడాండీ?" అనడిగాడు సాలమోను రొప్పుతూ.

"కోప్పడతాడండి. పడనివ్వండి," అన్నాడు రాఘవులు. "మీ లారీలొచ్చేక మాకు బేరాలే లేవండి. డీజిలు పెరిగిందని షావుకార్లు మళ్ళీ మా పడవ దగ్గరకొచ్చేరండి. మూడేళ్ళకి మా ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోందండి. మీకు పోయిందే మాకొచ్చింది. మరి మీ బండి మేం లాగొద్దాండీ?"

సాలమోనుకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తన పొట్ట కొట్టిన ధరే ఇంకొకరి పొయ్యి వెలిగించిందని అతనికి అంతవరకు తెలియదు. ఆ సంగతి వాళ్ళు దాచుకోకుండా చెప్పి, పైగా బండి లాగుతున్నారు.

ఆసుపత్రి వరండా ముందు కారు ఆగింది. నర్సులు సుభద్రని లోపలికి తీసుకెళ్ళారు. మేష్టారు జేబులో చెయ్యి పెట్టబోతే రాఘవులు రెండడుగులు వెనక్కి వేశాడు.

"పురిటి పిల్లని మోసినందుకు కూలేవిటండీ! తప్పండి. బిడ్డ బాగుంటే అదే మాకు చాలండి," అని తాడు చుట్టుకుని వెళ్ళిపోయారు నలుగురూ. మేష్టారు వాళ్ళు కనుమరుగయ్యేదాకా చేతులు జోడించే నిలబడ్డారు.

పొద్దు వాలే వేళకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదనీ యోహానమ్మగారు బయటికి వచ్చి చెప్పారు. ఆవిడ హాలెండు దేశపు డాక్టరు. పాతికేళ్ళుగా ఇక్కడే ఉండి, గోదావరి మాట మనకన్నా తీయగా మాట్లాడతారు. మేష్టారు, సాలమోను ఇద్దరూ ఒకేసారి ఆవిడకి దండం పెట్టారు. పెట్టాక మేష్టారు ఏడ్చేశారు. జరిగినదంతా చెప్పి, "నా బేరమే నా కూతురి ప్రాణం మీదికి తెచ్చిందమ్మా," అన్నారు.

"కాదండి, నా కొలతండి," అన్నాడు సాలమోను.

యోహానమ్మగారు వరండా బల్ల మీద కూర్చున్నారు.

"మా తమ్ముడు రోటర్‌డాములో రొట్టెల బండి నడుపుతాడండి. మా దేశంలో మొన్నమొన్నటిదాకా ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదన్నారు. పెద్ద రోడ్ల మీద జనం సైకిళ్ళు తొక్కుకున్నారట. రొట్టె ధర పెరిగిందని ఇంటింటి దగ్గరా మా తమ్ముణ్ణి తిడుతున్నారట. వాడు వెళ్ళి పెట్రోలు పోసేవాణ్ణి తిడుతున్నాడట. అమెరికాలో బంకుల ముందు వరసల్లో నిలబడి కొట్టుకుంటున్నారట. అక్కడా ఇక్కడా ఒకటేనండి. ధర పెంచినవాడు మనకి అందడు. అందేవాడు పక్కవాడే కాబట్టి వాడి మీద పడతాం. ఆ పడవవాళ్ళకీ మీరు అందేరు కదండీ? వాళ్ళు మీ మీద పడలేదు, తాడు వేసేరు. అదీ తేడా."

మేష్టారు సాలమోను భుజం మీద చెయ్యి వేశారు. "సాలమోనూ, నువ్వడిగిన కిరాయే ఇస్తాను. కాదనకు. అది దయ కాదు, నీది నీకివ్వడం," అన్నారు. సాలమోను కాదనలేదు.

తిరుగు ప్రయాణానికి పెట్రోలు కావాలి. డబ్బా పట్టుకుని అమలాపురం బంకుకి నడిచాడు. పంపు దగ్గర నడివయసు మనిషి ఒకడు, ఎవరో ముఖం తెలియనివాడు, అప్పటికే ఒక లారీ డ్రైవరు చేత తిట్లు తింటున్నాడు. లారీ వెళ్ళిపోయింది. సాలమోను దగ్గరికి రాగానే ఆ మనిషి, ఇంకో తిట్టుకి సిద్ధపడినట్టు, భుజాలు ముడుచుకున్నాడు.

"పొద్దుణ్ణుంచి నిలబడే ఉన్నట్టున్నారు. టీ తాగేరాండీ?" అనడిగాడు సాలమోను.

ఆ మనిషి పంపు తిప్పడం ఆపి అతని మొహంలోకి చూశాడు. కళ్ళు చెమర్చాయి. "ఈ ధర పెరిగేక నన్నా మాట అడిగింది మీరేనండి," అన్నాడు.

ఎదుటి పాకలోంచి ఇద్దరికీ టీ తెప్పించాడు సాలమోను. చదువరులారా, ధరలు మళ్ళీ పెరుగుతాయి, మన చేతిలో లేనిది అది. కాని కష్టం వచ్చిన రోజున పక్కవాడి మీద చెయ్యెత్తడమా, వాడికి చెయ్యందించడమా అన్నది ఏ దేశంలోనైనా మన చేతిలోనే ఉంది.