రెప్ప వేస్తే పారిపోయే రంగు

పొద్దస్తమానం నా కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే, కళ్లు ఎండిపోయాయంటుంది డాక్టరమ్మ. చదువుకున్నవాళ్ల మాటలు ఇలాగే ఉంటాయి. నేను నోరు తెరిచేలోపే తెర మీద నా కింది రెప్ప లోపలి ఫోటో చూపించింది.

"ఈ తెల్లగీతలు నూనె గ్రంథులమ్మా. రెప్ప వేసినప్పుడల్లా వీటిలోంచి కాస్త నూనె వచ్చి కన్నీటి మీద పొరలా పరుచుకోవాలి. అది లేకపోతే ఎన్ని నీళ్లు ఊరినా నిలవవు. పాతిక దాకా ఉండాలి. మీకు తొమ్మిదున్నాయి."

"మిగతావి ఎప్పుడొస్తాయి?"

"రావు. ఉన్నవి కాపాడుకోవాలి. మీరు రెప్ప సరిగ్గా వెయ్యరు కదూ?"

వెయ్యను. నా పనే అంత. ఒక కన్ను పోయినవాళ్లకి, ఉన్న కన్నుకు జోడీగా ప్లాస్టిక్ కన్ను చేస్తాను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ బతికున్న కంటినే చూస్తూ, వెంట్రుకంత కుంచెతో గీత మీద గీత వేస్తాను. "రెప్ప వేశావో, రంగు పారిపోతుంది" అనేవాడు పని నేర్పిన మా మేనమామ. ముప్ఫై రెండేళ్లు ఆ మాట జవదాటలేదు. మామ కళ్లు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. కోపిష్టి అనుకున్నామే గానీ, అది జబ్బని ఎవరికి తెలుసు?

"వేడి గుడ్డ పది నిమిషాలు కళ్ల మీద పెట్టుకుని, తర్వాత రెప్పలు మెల్లగా నొక్కండి. రంగుల పని తగ్గించండి. ఇలాగే చేస్తూ పోతే ఆ తొమ్మిదీ మిగలవు" అంది డాక్టరమ్మ. గంగిరెద్దులా తలూపాను. మనసులో మాత్రం ఒకటే ఉంది. చేతనైనప్పుడే ఇంకొక్క కన్ను చెయ్యాలి. పిచ్చుక కన్ను.

పిచ్చుక నా చెల్లెలు. ఒకచోట కాలు నిలవదని నాన్న పెట్టిన పేరు అది. దానికి ఆరేళ్లప్పుడు, ఇద్దరం ఒకే గొడుగు కింద బడి నుంచి వస్తుంటే ఊచ దాని ఎడమ కంట్లో గుచ్చుకుంది. గొడుగు నా చేతిలో ఉంది. నాకప్పుడు పదకొండేళ్లు. ఇక ఈ పని తప్ప మరొకటి నేర్చుకోవాలనిపించలేదు. చిన్నప్పుడు మామ చేసిన కళ్లు పెట్టుకుంది, నాకు పని వచ్చాక అన్నీ నేనే చేశాను.

ఎనిమిదేళ్ల కిందట, చివరి కన్ను చేతికిచ్చిన రోజున, పిచ్చుక ఉన్నట్టుండి అడిగింది.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా మొహం చూశావా అక్కా? నువ్వు చూసేది నీ తప్పుని. నన్ను కాదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అంత కష్టంగా ఉంటే వేరేచోట చేయించుకో" అనేశాను. అది వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నేనూ పిలవలేదు. పంతంలో మా ఇంట్లో ఒకరిని మించినవాళ్లు ఇంకొకరు. కానీ బస్సులో ఎదురుగా ఎవరు కూర్చున్నా, ఆ తేనెరంగు కోసం వెతుక్కునేదాన్ని. నోరు చేత్తో మూసుకుని అది నవ్వే నవ్వు వినాలని ఎంత ఉండేదో. ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయంటారు. నావి ఎండే పోయాయి.

ఆసుపత్రి మెట్ల మీద నుంచే ఫోన్ చేశాను. "నా కళ్లు ఇంకా పనిచేస్తుండగానే నీకో కన్ను చేస్తాను. రా."

"మంగళవారం వస్తా" అని పెట్టేసింది.

వచ్చింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. పలకరింపులు రెండు ముక్కల్లో తేల్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నేను రంగులు కలిపి, దాని కుడి కంటి మీద చూపు నిలిపాను. రెప్ప వెయ్యలేదు. నాలుగు గీతలు పడ్డాయో లేదో, కంట్లో కారం కొట్టినంత మంట. బొటబొటా నీళ్లు. కుంచె పక్కకి జారి తేనెరంగు తెల్లగుడ్డు మీదికి పాకింది.

"ఏడుస్తున్నావా?"

"లేదు. రెప్పల్లో నూనె అయిపోయిందట."

పిచ్చుక లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని కింది రెప్ప లాగి చూసింది. "వేడి గుడ్డ పెడుతున్నావా?"

"నీకెలా తెలుసు అది?"

"ప్లాస్టిక్ కన్ను మీద రెప్ప సరిగ్గా మూసుకోదు కదా. నా ఎడమ రెప్పలో నూనె పోయి పదేళ్లవుతోంది. చెప్తే అదీ నీ తప్పేనని కుమిలిపోతావని చెప్పలేదు."

అది వెళ్లిపోయే ముందు రెండేళ్లు ఆ రెప్ప నా బల్ల ముందుకు వచ్చిపోయింది. నేను రంగు చూశాను గానీ రెప్ప చూడలేదు.

అది వంటగదిలోకి వెళ్లి నీళ్లు కాచి, గుడ్డ పిండి తెచ్చి, నన్ను పడుకోబెట్టి కళ్ల మీద వేసింది. ఎనిమిదేళ్లు చూడాలని కొట్టుకుపోయిన మనిషి పక్కనే కూర్చుంటే, నేను కళ్లు మూసుకుని పది నిమిషాలు పడుకున్నాను. ఇంత అన్యాయం ఉంటుందా అనిపించింది. తర్వాత గుడ్డ తీసి, పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి, వేలితో మెల్లగా నిమిరింది.

కళ్లు తెరిచాను. కుంచె చేతిలో లేదు. దాని మొహం చూశాను. ముక్కు పక్కన చిన్న మచ్చ ఉంది. నవ్వీ నవ్వీ పడిన గీతలున్నాయి. అవి ఎప్పుడు పడ్డాయో నాకు తెలియదు. చూస్తూనే ఉన్నాను.

"మళ్లీ రెప్ప వెయ్యడం లేదు నువ్వు" అంది.

"పారిపోతావేమోనని."

"వెయ్యక్కా. ఎక్కడికీ పోను."

వేశాను. తెరిచేసరికి అక్కడే ఉంది.